నలభై ఒకటో పేజీ

పరీక్ష పదింటికి. ఆ రోజు ఫిజిక్సు. ఉదయం ఏడున్నరకే జిరాక్సు కొట్టు ముందు ఏడుగురు ఆడపిల్లలు హాల్ టికెట్లు పట్టుకుని నిలబడ్డారు. నెలరోజులుగా చేతిలో ఉన్న కాగితానికి నకలు కావాలని పరీక్ష రోజు పొద్దున దాకా ఒక్కరికీ తోచదు. కొట్టు నడిపే నోట్సక్కకు ఇది ఏటా ఉన్న తంతే. ఒక్కొక్కరికీ నాలుగు చీవాట్లు పెడుతూ, ఆ చేత్తోనే కాగితం మిషన్‌లో పెడుతోంది.

కళ్ళజోడు పిల్ల వంతు వచ్చింది. హాల్ టికెట్టుతో పాటు రెండు నోట్సు పుస్తకాలు కూడా బల్ల మీద పెట్టింది.

"అక్కా, చిన్న డౌటు. ఇది మా అన్నయ్యది, మూడేళ్ళ కిందటిది. ఇది నాది. రెండూ మీరు రాసినవే కదా. నలభై ఒకటో పేజీలో కటక సూత్రం అన్నయ్యదాంట్లో మైనస్ ఉంది, నాదాంట్లో ప్లస్ ఉంది. ఏది రాయమంటారు?"

"మైనస్సే. అద్దానికి ప్లస్, కటకానికి మైనస్. వందసార్లు చెప్పాను. ప్లస్ ఎక్కడ చూసొచ్చావే?" అంది నోట్సక్క తల ఎత్తకుండానే.

అన్నాక తల ఎత్తింది. పిల్ల వేలు పెట్టి చూపిస్తోంది. వన్ బై ఎఫ్ ఈక్వల్ టు వన్ బై వి ప్లస్ వన్ బై యు. చుట్టూ గడి. గడి కింద, "ఈ గుర్తు దగ్గర పడ్డవాళ్ళు చాలామంది, చూసి నడు" అన్న మాటలు. తన మాటలే, తన చేతి రాతే.

నోట్సక్క టీచరు కాదు. ఆ సంగతి ఎవరో వెనక చెప్పుకునే దాకా ఆగదు, తనే ముందు చెప్పేస్తుంది. పద్దెనిమిదేళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో ల్యాబ్ అటెండరుగా చేసింది. కటకాలు మెత్తటి గుడ్డతో తుడవడం, స్ప్రింగు త్రాసులు సర్దడం, పగిలిన గాజునాళికలు ఏరడం, పాఠం జరుగుతున్నంతసేపూ వెనక గోడకు ఆనుకుని నిలబడి మాస్టారు చేయి చాచినప్పుడల్లా అడిగిన వస్తువు అందించడం ఆమె పని. ఆ పద్దెనిమిదేళ్ళలో ఆరుగురు మాస్టార్లు మారారు గానీ పాఠం మారలేదు. ఏ వాక్యం దగ్గర క్లాసు మొత్తం కళ్ళు తేలేస్తుందో, ఏ గుర్తు దగ్గర ముందు బెంచీవాళ్ళు కూడా బోల్తా పడతారో ఆమెకు కంఠతా వచ్చేసింది. మాస్టార్లు బోర్డు వైపు తిరిగి ఉంటారు కాబట్టి వాళ్ళకు ఆ మొహాలు కనబడవు.

ఒక ఏడాది కాలు విరిగి మూడు నెలలు మంచం పట్టిన పిల్ల ఒకతి ఉండేది. పాపం చదువు పోతుందని, నోట్సక్క ఆ పిల్ల కోసం తెల్ల కాగితాల మీద పాఠాలు రాసిచ్చింది. పిల్లలు తప్పు చేసే చోటల్లా గడి కట్టి, పక్కన కూర్చుని తిడుతున్నట్టుగా ఒక్కో మాట పెట్టింది. "యూనిట్లు లేని జవాబు ఊరు పేరు రాయని ఉత్తరం." "ముందు బొమ్మ గియ్యి, తర్వాతే లెక్క. రెండూ పోట్లాడుకుంటే బొమ్మ పక్షాన ఉండు." ఆ పిల్ల పాసైంది. ఆ కాగితాలు ఇంకో పదిమంది చేతులు మారి నలిగిపోయి తిరిగొచ్చాయి.

తర్వాత స్కూలువాళ్ళు ల్యాబ్ మూసేసి ఆమెను ఇంటికి పంపించారు. భర్తకు మోటార్లకు రాగి తీగ చుట్టే కొట్టు ఉంది. అందులో మధ్యకు చెక్క పలక అడ్డం కొట్టించి, ఇటువైపు జిరాక్సు మిషన్ పెట్టుకుంది. ఫిజిక్సుకు అరవై నాలుగు పేజీలు, లెక్కలకు డెబ్బై రెండు. మొత్తం చేతిరాతే. అచ్చు వేయించమని ఎంతమంది చెప్పినా చెవిన వేసుకోలేదు. "అచ్చు చూస్తే పిల్లలకు నిద్రొస్తుంది. నా రాత చూస్తే నేను ఎదురుగా నిలబడ్డట్టుంటుంది" అనేది. ఆ నిలబడ్డ మనిషికి భయపడే ఎంతోమంది పాసయ్యారు. అసలు పేరు అందరూ మర్చిపోయారు. చివరికి కరెంటు బిల్లు తెచ్చే మనిషి కూడా నోట్సక్క అనే పిలుస్తాడు.

ఆమె రాతలో తప్పు ఉందని వేలెత్తి చూపినవాళ్ళు ఆ రోజు వరకు లేరు.

ప్లస్ ఎలా వచ్చిందో ఆమెకు క్షణంలో అర్థమైంది. అర్థమయ్యాక స్టూలు మీద కూలబడింది. చేత్తో రాసిన అసలు కాగితాలు నలిగి అంచులు చిరుగుతున్నాయని, పరీక్షలకు ఆరు నెలల ముందు వాటిని దళసరి కాగితం మీద మళ్ళీ తీసి, ఇకపై కాపీలన్నీ ఆ కొత్త సెట్టు నుంచే తీయాలనుకుంది. తీసిన రోజున మిషన్ లోపలి డ్రమ్ము మీద గీత పడి ఉంది. దాంతో ప్రతి పేజీ మీదా పై నుంచి కింది దాకా వెంట్రుకంత సన్నటి నల్ల గీత వచ్చింది. డ్రమ్ము మార్పించింది గానీ అరవై నాలుగు దళసరి కాగితాలు పారెయ్యడానికి మనసొప్పలేదు. సన్న కుంచె, వైట్‌నర్ సీసా ముందు పెట్టుకుని రెండు మధ్యాహ్నాలు కూర్చుని ఆ గీతను చెరిపేసింది. ఖాళీ జాగాల్లో పూర్తిగా చెరిపింది. అక్షరాల మీద నుంచి పోయిన చోట మాత్రం, అక్షరం కూడా పోతుందని, ఆ కాస్త ముక్క వదిలేసింది. అంత చిన్న ముక్క ఎవరి కంటికి ఆనుతుంది?

నలభై ఒకటో పేజీలో గీత సరిగ్గా మైనస్ గుర్తు నడుమ నుంచి పోయింది. పైన తెల్లగా చెరిపింది, కింద తెల్లగా చెరిపింది, మధ్యలో ముక్క మిగిలింది. గీతను మొత్తంగా వదిలేసి ఉంటే ఇది మిషన్ గీత అని చిన్న పిల్లలైనా పోల్చుకునేవాళ్ళు. శుభ్రం చేసి చేసి తన చేత్తోనే దాన్ని పొందికైన ప్లస్ చేసిపెట్టింది.

"అక్కా, ఏమైంది?" అంది కళ్ళజోడు పిల్ల.

నోట్సక్క దళసరి సెట్టు తీసి పేజీలు తిప్పడం మొదలుపెట్టింది. గీత ప్రతి పేజీలోనూ ఒకే చోట పోతుంది కాబట్టి స్కేలు ఆ చోట పెట్టి ఒక్కో పేజీ చూసుకుంటూ పోయింది. ఒక చోట 'వేగం'లో వకారం మీద పడింది, ఇంకో చోట బొమ్మలోని తీగ మీద పడింది. ప్రమాదం లేదు. అరవై నాలుగో పేజీ అయ్యాక ఇంకో ఆలోచన వచ్చింది. లెక్కల సెట్టు కూడా అదే రోజు తీసింది. లెక్కల పరీక్ష మొన్ననే అయిపోయింది. ఆ డెబ్బై రెండు పేజీలూ తిరగేసింది. లెక్కలు పేజీకి రెండు వరసలుగా రాసింది కాబట్టి గీత ఆ రెండింటి నడుమ ఖాళీలో నుంచి పోయింది. అప్పటికి ఊపిరి తీసుకుంది.

టైము ఎనిమిది దాటింది. ఈ ఏడాది ఫిజిక్సు నోట్సు నూట పన్నెండు కాపీలు బయటికి పోయాయి.

నోట్సక్క తెల్ల కాగితం లాక్కుని పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. "నోట్సు నలభై ఒకటో పేజీ. కటక సూత్రంలో ప్లస్ కాదు, మైనస్. తప్పు నాది. – నోట్సక్క." నూట యాభై కాపీలు తీసింది. సగం తీసి కళ్ళజోడు పిల్ల చేతిలో పెట్టింది.

"మీ స్కూల్లో నా నోట్సు ఉన్న ప్రతి పిల్లకూ ఇది అందాలి. గేటు లోపలికి పోయేలోపే. చదివి పారేసి పొమ్మను, జేబులో పెట్టుకుని లోపలికి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. మీ ఏడుగురూ తలా ఓ పక్క నిలబడండి."

పిల్లలు పరుగు తీశారు. హాల్ టికెట్ల జిరాక్సులు బల్ల మీదే మరిచిపోతే, నోట్సక్క వెనక నుంచి కేకేసి మరీ అందించింది.

ఆ పిల్లలందరికీ స్కూలు పుస్తకం ఉంది, మాస్టార్లున్నారు, అన్నయ్యల పాత నోట్సులున్నాయి. నలుగురిలో ఒకరికైనా అనుమానం వచ్చి సరిచేసుకునే ఉంటారు. అలా తనకు తాను నచ్చజెప్పుకుంటుండగా టైలరమ్మ గుర్తొచ్చింది.

టైలరమ్మకు ముప్పై నాలుగేళ్ళు. స్కూలు వదిలేసి పద్దెనిమిదేళ్ళయ్యాక ప్రైవేటుగా పెద్ద పరీక్షకు కట్టింది. మిగతావన్నీ గట్టెక్కాయి గానీ ఫిజిక్సు రెండుసార్లు తన్నింది. ఒకసారి ముప్పై ఒకటి, ఇంకోసారి ముప్పై మూడు. పాసు కావాలంటే ముప్పై ఐదు రావాలి. కుట్టు శిక్షణ కేంద్రంలో టీచరు ఉద్యోగం ఉంది, పనితనం చూసి వాళ్ళే రమ్మన్నారు, కానీ పరీక్ష పాసైన కాగితం అడుగుతున్నారు. ముప్పై ఐదేళ్ళు దాటితే తీసుకోరు. అంటే ఇదే ఆఖరిసారి. ఆమెకు స్కూలు పుస్తకం లేదు, మాస్టారు లేడు. ఉన్నదల్లా నోట్సక్క నోట్సు. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ కొలత టేపు మెడలో వేసుకునే కొట్టుకు వచ్చి స్టూలు మీద కూర్చునేది. "మీరు రాసిన మాట మీరు రాసినట్టే బట్టీ పడతానక్కా. ఒక్క అక్షరం అటూ ఇటూ కానివ్వను" అనేది. ఆ మాటకు అప్పట్లో నోట్సక్క ముచ్చటపడింది. ఇప్పుడు అదే మాట గుచ్చుకుంటోంది.

కొట్టుకు తాళం వేసి ఆటో ఎక్కింది. భర్త ఊరి చివర ఎవరి ఇంట్లోనో నీళ్ళ మోటారు బిగించడానికి పోయాడు, స్కూటరు ఆయన దగ్గరే ఉంది. టైలరమ్మకు ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. ఆటో ఆమె కొట్టు ముందు ఆగేసరికి ఎనిమిదిన్నర అయింది. షట్టరు దించి ఉంది. నోట్సక్క మళ్ళీ ఫోన్ చేసింది. షట్టరు లోపల ఫోను మోగింది.

పక్క కొట్టు ఇస్త్రీ మనిషి పెట్టె పక్కన పెట్టి చెప్పాడు. "ఏడింటికే పోయిందమ్మా. హాల్లోకి ఫోను తీసుకెళ్ళనివ్వరని లోపల పడేసిపోయింది. అక్కడే కూర్చుని చదువుకుంటానంది."

టైలరమ్మ సెంటరు రైలు గేటుకు అవతల. ప్రైవేటువాళ్ళందరికీ అక్కడే. తొమ్మిదింటికి లోపలికి పంపడం మొదలుపెడతారు, ఒకసారి లోపలికి పోతే మూడు గంటలు అయ్యాకే బయటికి. దారిలో మగపిల్లల స్కూలు ఉంది. అందులో నలభై మంది దగ్గర తన నోట్సు ఉంది.

"ఇక్కడ ఆపమంటే ఆపుతా గానీ, తొమ్మిదింటికి బండి ఉందమ్మా. గేటు పడిందంటే ఇంక అంతే" అన్నాడు ఆటో అతను.

నోట్సక్క చేతిలోని చీటీల వైపు చూసింది. ఒక పక్క నలభై మంది, ఇంకో పక్క ఒక్కతే. లెక్కగా చూస్తే నలభైయే పెద్దది. "ఐదు నిమిషాలు. ఆపు" అంది.

స్కూలు గేటు దగ్గర మూగిన మగపిల్లలకు చీటీలు పంచుతుంటే ఫిజిక్సు మాస్టారు ఎదురొచ్చాడు. ఆడపిల్లల హైస్కూల్లో పనిచేసి పోయిన ఆరుగురిలో ఆఖరివాడు ఆయన. "అటెండరు నోట్సు" అనకుండా నోట్సక్క పేరెత్తడు. ఒక చీటీ తీసుకుని చదివాడు. మొహం వెలిగిపోయింది.

"విన్నార్రా అందరూ? నేను చెబితే విన్నారా? అటెండరు దగ్గర పాఠం నేర్చుకుంటే ఇంతే మరి. నలభై ఒకటో పేజీలో కటక సూత్రంలో ప్లస్ ఉందట, అది మైనస్ అట. పరీక్ష పొద్దున తెలిసిందట." ఆయన గొంతు ల్యాబ్‌లో వెనక గోడ దాకా వినబడే గొంతు. వీధి చివర సైకిల్ దిగుతున్న పిల్లలు కూడా ఆగి విన్నారు.

నోట్సక్కకు తల కొట్టేసినట్టయింది. ఇంకో రోజైతే ఆయనకు నాలుగు అంటించకుండా వదిలేది కాదు. కానీ తను చీటీలు పంచితే పావుగంట పట్టే పని ఆయన అర నిమిషంలో చేసిపెట్టాడు. "ఇంకోసారి చెప్పండి మాస్టారూ, అటువైపు వాళ్ళకు వినబడలేదు" అంది. ఆయన ఇంకోసారి చెప్పాడు. వెక్కిరించడానికే చెప్పాడు, అయినా చెప్పాడు. అది ముగిసేదాకా ఆమె అక్కడే నిలబడింది.

రైలు గేటు వాళ్ళ కళ్ళ ముందే పడింది. ముందు రెండు లారీలు, ఒక పాల వ్యాను, వాటి వెనక ఆటో. గూడ్సు బండి. నోట్సక్క డబ్బాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్పై దగ్గర మానేసింది. ఇంజను ఈల విని అయిపోయిందనుకుంటే, అవతలి పట్టాల మీద ఇంకో బండి వస్తోందని గేటు ఎత్తలేదు. నడిచి దాటిపోదామని దిగింది. గేటు మనిషి ఎర్ర జెండా అడ్డం పెట్టి వెనక్కి పంపించాడు.

సెంటరు దగ్గరకు చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఇనుప గేటు మూసి ఉంది. అవతల వరండాలో ప్రైవేటువాళ్ళు వరసగా నిలబడి ఒక్కొక్కరే గదిలోకి పోతున్నారు. టైలరమ్మ వరసలో చివరి నుంచి నాలుగో మనిషి.

"ఒక్క మాట చెప్పి వస్తాను బాబూ. ఒకే ఒక్క మాట" అంది నోట్సక్క వాచ్‌మన్‌తో.

"కుదరదమ్మా. లోపలికి పోయినవాళ్ళతో మాట్లాడకూడదు."

"పోనీ ఈ కాగితం అందించు."

వాచ్‌మన్ కాగితం మీది సూత్రం చూసి వెనక్కి తగ్గాడు. "ఇది అందిస్తే కాపీ కింద రాస్తారు. నా ఉద్యోగం సంగతి అటుంచు, ఆమెనే బయటికి గెంటేస్తారు. ఆమె మేలు కోరేదానివైతే ఆ కాగితం లోపలికి పంపకు."

అతను అన్నది నిజమే. నోట్సక్క గేటు ఊచలు పట్టుకుని పిలిచింది. టైలరమ్మ వెనక్కి తిరిగింది. నోట్సక్క చేతిని అడ్డంగా ఊపింది, గాలిలో వేలితో అడ్డగీత గీసింది, మళ్ళీ గీసింది. అంత దూరం నుంచి టైలరమ్మకు ఏం అర్థమవుతుంది? అక్క తన కోసం పనులు మానుకుని ఇంత దూరం వచ్చిందనుకుని మొహం నిండా నవ్వింది. తనూ చెయ్యి ఊపి గదిలోకి వెళ్ళిపోయింది.

గంట కొట్టారు. నోట్సక్క గోడవారగా రాతిమీద కూర్చుంది.

ఫోన్‌లో సంగతి విని భర్త పదకొండింటికి స్కూటరు మీద వచ్చాడు. చేతులకు ఇంకా గ్రీజు ఉంది. నీళ్ళ సీసా అందించి, చీటీ తీసుకుని చదివాడు.

"తప్పు నాది అని రాశావేంటి? మిషన్‌ది అని రాయొచ్చుగా."

"మిషన్ గీత గీసింది. దాన్ని ప్లస్ చేసింది నేను."

ఆయన చీటీ తిరిగి ఇచ్చాడు. "పాతికేళ్ళ కాపురంలో నీ నోట తప్పు నాదన్న మాట వినలేదు. ఇప్పుడు అదీ నూట యాభై కాపీలు" అన్నాడు. నోట్సక్క నవ్వబోయి ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. మగపిల్లల స్కూలు దగ్గర ఆగకుండా ఉంటే గేటు పడేలోపు దాటేసేదాన్ని, నలభై మంది కోసం ఆమెను వదిలేశాను, ఆ నలభై మందికీ పుస్తకాలున్నాయి, ఆమెకు నేను తప్ప ఎవరూ లేరు అని. కటకం లెక్క ప్రతి ఏడూ వస్తుంది. నాలుగు మార్కులు. కిందటిసారి ఆమెకు తక్కువైంది రెండు మార్కులే.

"ఆగకుండా పోయుంటే ఆ నలభై మంది గురించి ఇలాగే ఏడ్చేదానివి" అన్నాడు ఆయన. ఆ మాట ఓదార్పుగా లేదు, కానీ నిజం. ఎండ గోడ ఎక్కింది. ఇద్దరూ నీడతో పాటు జరుగుతూ కూర్చున్నారు.

ఒంటిగంటకు గంట మోగింది. జనం బయటికి వచ్చారు. అందరూ వచ్చేశాక టైలరమ్మ వచ్చింది. పొద్దుటి నవ్వు లేదు. మొహం గట్టిగా బిగించి ఉంది. నేరుగా నోట్సక్క ముందుకు వచ్చి నిలబడింది.

"అక్కా, మీ నలభై ఒకటో పేజీలో తప్పుంది" అంది.

"తెలుసమ్మా."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"పొద్దున ఏడున్నర నుంచి. నీకు చెప్పాలనే వచ్చాను. నువ్వు లోపలికి వెళ్ళిపోయావు."

టైలరమ్మ వినే స్థితిలో లేదు. అప్పటిదాకా ఆపుకున్న కోపం ఒక్కసారిగా బయటికి వచ్చింది. "మీరు రాసినట్టే రాశానక్కా. నాభ్యంతరం ఇరవై, వస్తువు ముప్పై సెంటీమీటర్ల దూరంలో. ప్లస్ వేసి చేస్తే ప్రతిబింబం పన్నెండు దగ్గర అని వచ్చింది. రాసేసి పక్క లెక్కకు పోబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, ముందు బొమ్మ గియ్యమన్నారు, గియ్యలేదని. స్కేలు పెట్టి కొలతకు గీశాను. బొమ్మలో అరవై దగ్గర పడింది. ఇంకోసారి గీశాను, మళ్ళీ అరవైయే. లెక్క పన్నెండు అంటుంది, బొమ్మ అరవై అంటుంది. నాకు చెమటలు పట్టాయి. మీరు తప్పు రాశారని అనుకోవడానికే భయమేసింది. మీ మాటే తప్పయితే నేను చదివిందంతా ఏమైపోవాలి?"

"మరి ఏం చేశావు?" అంది నోట్సక్క.

"ఏం చేస్తాను? రెండూ పోట్లాడుకుంటే బొమ్మ పక్షాన ఉండమని రాసింది మీరే. నేను బట్ట కోసేటప్పుడు కూడా అంతే, రాసుకున్న కొలతకూ ఎదురుగా ఉన్న మనిషికీ తేడా వస్తే మనిషినే నమ్ముతాను. బొమ్మ పక్షాన ఉన్నాను. ఆ ప్లస్ మీదే అనుమానం వచ్చి, మైనస్ పెట్టి చూస్తే అరవై వచ్చింది. మొదటిది కొట్టేసి మళ్ళీ రాశాను. అరగంట పోయింది. చివరి ప్రశ్న సగమే రాశాను. అరగంటక్కా. నాకు అరగంట అంటే ఎంతో మీకు తెలుసు."

"తెలుసు. తిట్టు. ఇంకా తిట్టు" అంది నోట్సక్క. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. పద్దెనిమిదేళ్ళు వెనక గోడకు ఆనుకుని, ఆ తర్వాత పదేళ్ళు మిషన్ పక్కన నిలబడి ఎంతమందికో చెప్పింది. ఎవరూ ఆమె మాటతోనే ఆమె తప్పు పట్టలేదు. అంత సంతోషం, అంత సిగ్గు ఒకేసారి ఎప్పుడూ కలగలేదు.

టైలరమ్మ నోట్సక్క చేతిలో నలిగిపోయిన చీటీ అప్పుడు చూసింది. తీసుకుని చదివింది. "ఇది పట్టుకుని పొద్దుట్నుంచి ఇక్కడే కూర్చున్నారా?" అంది. భర్త తల ఊపాడు. టైలరమ్మ నోట్సక్క పక్కన రాతిమీద కూర్చుని, ఆయన ఇచ్చిన నీళ్ళు సగం తాగి, మిగతా సగం అక్కకు ఇచ్చింది.

ఆ ఏడాది ఆమెకు ఫిజిక్సులో ముప్పై ఏడు వచ్చాయి. అందులో నాలుగు మార్కులు కటకానివి. ఇప్పుడు కుట్టు శిక్షణ కేంద్రంలో టీచరు. అక్కడ ఆమెను మేడం అంటారు. జిరాక్సు కొట్టులో మాత్రం ఇప్పటికీ టైలరమ్మే. కొత్త సెట్టు తీసినప్పుడల్లా మధ్యాహ్నం వచ్చి, స్టూలు మీద కూర్చుని, మొదటి పేజీ నుంచి అరవై నాలుగో పేజీ దాకా ప్రతి లెక్కకూ బొమ్మ గీసి చూసి, అప్పుడు గానీ కాపీలు తీయనివ్వదు. నోట్సక్క పళ్ళు నూరుకుంటూనే ఒప్పుకుంటుంది.

నోట్సు మొత్తం నోట్సక్క చేతిరాతే, ఒక్క గుర్తు తప్ప. నలభై ఒకటో పేజీలో వైట్‌నర్ పూసి ఆరబెట్టి, ఆ జాగాలో మైనస్ గియ్యమని పెన్ను టైలరమ్మ చేతికిచ్చింది. ఆమె స్కేలు పెట్టి గీసింది. మిగతా రాత కన్నా కాస్త లావుగా ఉంటుంది. ఎందుకలా ఉందని ఏ పిల్లైనా అడిగితే, మిషన్ ఆపేసి, తప్పు నాది అన్న మాటతో మొదలుపెట్టి, నోట్సక్క ఈ కథంతా చెబుతుంది.